జట్టు వెంట పరాయి దేశానికి: మీ ఉత్తరాలు, నా జవాబులు

జాతీయ జట్టు ఆట చూడటానికి విదేశం వెళ్లడం గురించి పోయిన నెల ఇదే పేజీలో నాలుగు మాటలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నా సంగతి తెలియనివారికి ఒక్క మాట. ఎమర్జెన్సీ వార్డులో ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. సెలవులు కూడబెట్టుకుని ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్లడం నాకూ మా ఆయనకూ పెళ్లయిన కొత్తల్లోనే అలవాటైంది. ఆసుపత్రిలో చూసినవీ, స్టేడియాల బయట చూసినవీ రెండూ కలిపి ఈ జవాబులు రాస్తున్నాను.

మేడమ్, మా అబ్బాయికి 21 ఏళ్లు. మొదటిసారి ఒంటరిగా వేరే దేశానికి మ్యాచ్ చూడటానికి వెళ్తానంటున్నాడు. టికెట్ కూడా కొనేశాడు. వద్దనలేక, సరే అనలేక నాకు నిద్ర పట్టడం లేదు. వాడికి ఏం చెప్పి పంపాలి? – ఒక తల్లి

అమ్మా, పంపండి. ఆ వయసులో జట్టు వెంట వెళ్లినవాళ్లు ఆ జ్ఞాపకాన్ని జీవితమంతా దాచుకుంటారు. అయితే వెళ్లే ముందు బాబుతో ఒక ఒప్పందం చేసుకోండి. స్టేడియానికి బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, తిరిగి రూముకి చేరాక ఒక మెసేజ్. మధ్యలో మీరు ఫోన్ చేయకూడదు. అరవై వేల మంది ఒకేచోట ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ దొరకదు. కాల్ కలవక మీకు టెన్షన్, బయటికొచ్చాక ముప్పై మిస్డ్ కాల్స్ చూసి బాబుకి టెన్షన్. పైగా పెద్ద టోర్నమెంట్ల టికెట్లు ఇప్పుడు ఎక్కువగా ఫోన్ యాప్‌లోనే ఉంటాయి. ఛార్జింగ్ అయిపోతే టికెట్ పోయినట్టే. చిన్న పవర్ బ్యాంక్ ఒకటి జేబులో ఉండాలి. దాన్ని లోపలికి రానిస్తారో లేదో స్టేడియం వెబ్‌సైట్‌లో ముందే చూసుకోమనండి.

రెండోది, ఒక కాగితం. నవ్వొద్దు, ఇది నన్ను ఒక రాత్రి కాపాడింది. ఒకసారి మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లి, బయటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. జనంలో మా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు అయిపోయాం. నా ఫోన్ ఆగిపోయింది. ఆ దేశపు లిపిలో నాకు ఒక్క అక్షరం రాదు. హోటల్ పేరు నేను పలికినట్టు పలికితే ముగ్గురు ట్యాక్సీవాళ్లు తల అడ్డంగా ఊపారు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి తనంతట తానే చిన్న చీటీ మీద వాళ్ల భాషలో అడ్రస్ రాసి నా చేతిలో పెట్టింది. నాలుగో ట్యాక్సీ అతను దాన్ని డాష్‌బోర్డు లైటు కింద పెట్టి చదివి, తల ఊపి, తలుపు తీశాడు. ఆ చీటీ మడతలు పడి, అంచులు చిరిగి ఇప్పటికీ నా పాస్‌పోర్ట్ కవర్‌లో ఉంది. బాబుని కూడా దిగిన రోజే అలాంటి చీటీ రాయించుకోమనండి. దాని వెనక మీ ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, ఏదైనా ఎలర్జీ ఉంటే అది, ఇన్సూరెన్స్ పాలసీ నంబరు రాసుకోమనండి. స్పృహ తప్పిన మనిషి ఫోన్ లాక్ తీయడం ఎంత కష్టమో వార్డులో రోజూ చూశాను. జేబులో కాగితం ఉంటే పది నిమిషాలు కలిసొస్తాయి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోవాలి. పాస్‌పోర్ట్ జిరాక్స్ ఒకటి సంచిలో, ఫొటో ఒకటి మీ దగ్గర ఉండాలి. ఎమర్జెన్సీ నంబరు బట్టీ పట్టమనండి. ఐరోపా దేశాల్లో 112. అమెరికా, కెనడా, మెక్సికోలో 911.

అక్కా, టీమ్ జెర్సీ వేసుకుని ఊరంతా తిరగాలని ఉంది. కొందరు వద్దంటున్నారు. దాచుకోవాల్సిన అవసరం ఏముంది? – ఒక అభిమాని

తమ్ముడూ, జెర్సీ వేసుకోవద్దని నేను చెప్పను. ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు పైన జాకెట్ కప్పుకోవాలో తెలిసుండాలని మాత్రం గట్టిగా చెబుతాను.

2023 అక్టోబర్ 16న బ్రస్సెల్స్‌లో బెల్జియం, స్వీడన్ మధ్య యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) క్వాలిఫయర్, అంటే అర్హత మ్యాచ్ ఉంది. ఆ సాయంత్రం స్టేడియానికి చాలా దూరంలో, ఊళ్లో ఒక ఉగ్రవాది స్వీడన్ అభిమానుల మీద కాల్పులు జరిపాడు. ఇద్దరు చనిపోయారు. వాళ్లు చేసిందల్లా తమ జట్టు చొక్కా తొడుక్కోవడం. విషయం తెలిశాక మ్యాచ్‌ని హాఫ్ టైమ్‌లోనే ఆపేశారు. హంతకుడు ఇంకా బయట తిరుగుతున్నాడు కాబట్టి వేలమందిని గంటల తరబడి స్టేడియంలోనే కూర్చోబెట్టారు. స్వీడన్ వాళ్లని చివరికి పోలీసు కాపలాతో పంపించారు. ఆ రాత్రి లోపలే ఆగడం సరైన పని. 'మా రైలు పోతుంది, వదలండి' అని గొడవ పడే పరిస్థితి కాదది. మీకూ ఎప్పుడైనా అలా ఆగమంటే, కారణం చెప్పకపోయినా ఆగండి.

అలాంటివి అరుదు. తరచుగా జరిగేవి వేరు. 2016 యూరోలో, ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఇంగ్లండ్, రష్యా మ్యాచ్‌కి ముందు పాత ఓడరేవు ప్రాంతంలో రోజుల తరబడి కొట్లాటలు జరిగాయి. మ్యాచ్ అయిపోగానే రష్యా వైపు నుంచి ఒక గుంపు పక్క సెక్షన్‌లోకి దూకింది. అక్కడున్న ఇంగ్లండ్ అభిమానులు, కుటుంబాలు కంచెలు ఎక్కి పారిపోవాల్సి వచ్చింది. అందుకే ఈ మూడూ పాటించండి. మీ జట్టుకి కేటాయించిన సెక్షన్‌లోనే టికెట్ కొనండి, తక్కువకి వస్తోందని అవతలివాళ్ల మధ్య సీటు తీసుకోకండి. మ్యాచ్ ముందురోజు రాత్రి ఎదుటి జట్టు వాళ్లు చేరే కూడళ్లలో తిరగకండి. స్టేడియం దాటాక జెర్సీ మీద జాకెట్ వేసుకోండి. గెలిచిన రాత్రయితే ఇది ఇంకా ముఖ్యం. గెలిచిన ఊపులో మనం జాగ్రత్త మర్చిపోతాం, ఓడినవాళ్లు మాత్రం మనల్ని మర్చిపోరు.

మా పాపకి తొమ్మిదేళ్లు. నాతోపాటు ఫుట్‌బాల్ పిచ్చి. ఈసారి విదేశంలో జరిగే మ్యాచ్‌కి తీసుకెళ్లమంటోంది. గేట్ల దగ్గర తోపులాటలో మనుషులు చనిపోయారని చదివి భయపడుతున్నాను. తీసుకెళ్లనా, వద్దా? – ఒక నాన్న

ఈ ప్రశ్నకి పెద్ద జవాబే రాస్తాను. మీరు భయపడుతున్నది సరైన విషయానికే. మ్యాచ్ అంటే అందరూ గూండాల గురించి ఆలోచిస్తారు. కానీ ఫుట్‌బాల్‌లో ఎక్కువ ప్రాణాలు పోయింది మూసిన గేట్ల దగ్గర, ఇరుకు మెట్ల మీద.

1964 మే 24న లిమాలో పెరూ, అర్జెంటీనా ఒలింపిక్ క్వాలిఫయర్ ఆడుతున్నాయి. చివరి నిమిషాల్లో పెరూ గోల్‌ని రిఫరీ ఒప్పుకోలేదు. జనం మైదానంలోకి దిగారు, పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లు మెట్ల దారుల్లోకి పరిగెత్తారు. కింద ఇనుప షట్టర్లు మూసి ఉన్నాయి. ఆ సంగతి పైనున్నవాళ్లకి తెలియదు, వాళ్లు దిగుతూనే ఉన్నారు. అధికారిక లెక్క 328 మంది. ఎక్కువమంది ఊపిరాడకే పోయారు. ఇది పాత కథ అనుకుంటారేమో. 2022 జనవరి 24న కామెరూన్ రాజధాని యౌండేలో ఆఫ్రికా కప్ మ్యాచ్, కామెరూన్, కొమొరోస్ ఆట. తెరిచి ఉండాల్సిన గేటు మూసేశారు. ఎనిమిది మంది చనిపోయారు. దాదాపు అరవై ఏళ్ల తేడాలో అదే మూసిన గేటు.

నాకు జరిగింది కూడా చెబుతాను. పదిహేనేళ్ల కిందట ఒక క్వాలిఫయర్‌కి వెళ్లాం. దేశం పేరు అనవసరం. నాలుగు గేట్లు ఉంటే ఒక్కటే తెరిచారు. లోపల జాతీయ గీతం మొదలైంది. అది వినగానే వెనకున్నవాళ్లు ఒక్క అడుగు ముందుకేశారు. ఒక్కొక్కరికీ అది ఒక్క అడుగే. ముందున్న మాకు అది గోడ మీద పడ్డట్టయింది. నా చెంప ముందున్న మనిషి కోటు గుండీకి నొక్కుకుపోయింది. కాళ్లు నేలకి ఆనడం లేదు, అయినా నిలబడే ఉన్నాను. చేతులు కిందే ఉండిపోయాయి. గాలి వదిలితే తిరిగి పీల్చుకోవడానికి ఛాతీకి చోటు లేదు. రోగుల దగ్గర రోజూ చూసేదాన్ని కాబట్టి ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. తోపులాటలో మనిషి తొక్కిసలాటకంటే ముందు, నిలబడి ఉండగానే ఊపిరాడక పోతాడు. పక్కన ఒక అమ్మాయి అరుస్తోంది. 'అరవకమ్మా, గాలి దాచుకో' అన్నాను, ఆమెకి నా భాష తెలియదు. అంతలో ఎవరో గేటు తీశారు. అందరం ఒక్కసారిగా లోపలికి పడ్డాం. నేను మ్యాచ్ చూడలేదు. ఆ అమ్మాయితో కలిసి ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. లోపల మా జట్టు గోల్ కొట్టిన అరుపు వినపడింది, ఇద్దరం లేవలేదు. ఆ గుండీ ముద్ర రెండు రోజులు నా చెంప మీద ఉంది.

అందుకని చెప్పేది ఇది. వెనకున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకి ముందు ఏం జరుగుతోందో కనపడదు. చూసుకోవాల్సింది మీరే. చుట్టూ నలుగురూ భుజాలు తగులుతూ నిలబడ్డారంటే జాగ్రత్తపడాలి. చేయి ఎత్తి ముఖం తుడుచుకోవడానికి వీలు కావడం లేదంటే అప్పటికే ఆలస్యమైంది. చదరపు మీటరుకి ఐదారుగురు దాటితే జనం మనుషుల్లా నడవరు, నీళ్లలా కదులుతారు. అలా కాకముందే పక్కకి తప్పుకోండి. మ్యాచ్ మొదలైపోయినా సరే. టికెట్ డబ్బులు పోయినా సరే.

ఒకవేళ ఇరుక్కుపోతే చేతులు రెండూ మడిచి, బాక్సర్‌లాగా ఛాతీ ముందు పెట్టుకోండి. ఆ నాలుగు వేళ్ల సందే మీ ఊపిరి. గోడకీ, కంచెకీ, స్తంభానికీ దూరంగా ఉండండి. ఎదురు నెట్టకండి. ఒత్తిడి అలలాగా వస్తుంది, తగ్గుతుంది. తగ్గిన క్షణంలో అడ్డంగా, ఏటవాలుగా ఒక్కో అడుగు వేస్తూ అంచుకి రండి. చెప్పు ఊడినా, ఫోన్ పడినా వంగకండి. పడిపోతే వెల్లకిలా ఉండకండి, పక్కకి ముడుచుకుని తలని చేతుల్లో దాచుకోండి.

ఇక పాప సంగతి. తీసుకెళ్లండి, కానీ ఫైనల్‌కి వద్దు, పాత కక్షలున్న జట్ల మ్యాచ్‌కి వద్దు. గ్రూప్ దశలో పగటిపూట జరిగే ఆట చాలు. గేట్లు తెరిచే సమయానికే అక్కడుండండి. రెండున్నర గంటలు లోపల కూర్చోవడం పాపకి విసుగే, కథల పుస్తకం ఒకటి పట్టుకెళ్లండి. సీట్లో కూర్చోగానే తనకే పని చెప్పండి: 'మనం వచ్చిన దారి కాకుండా ఇంకో దారి ఎక్కడుందో కనిపెట్టు.' పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు, మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు. ఆ పొద్దున వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తప్పిపోతే ఏ రంగు గౌను అని అడిగినప్పుడు తల్లిదండ్రుల బుర్ర పనిచేయదు. మీ నంబరు చెరగని పెన్నుతో పాప ముంజేతి మీద రాయండి. మ్యాచ్ అయ్యాక అరగంట సీట్లోనే ఉండండి.

ఒక గ్రూపులో ఒకతను తన టికెట్ అమ్ముతానంటున్నాడు. స్క్రీన్‌షాట్ పంపాడు. కొనొచ్చా?

కొనకండి. చాలా టోర్నమెంట్లలో స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు, యాప్‌లో ఉన్న టికెట్టే స్కాన్ అవుతుంది. అదే స్క్రీన్‌షాట్ అతను పదిమందికి అమ్మి ఉండొచ్చు. నిర్వాహకుల అధికారిక రీసేల్‌లో చూడండి, దొరక్కపోతే ఊళ్లో పెద్ద తెర దగ్గర చూడండి. టికెట్ లేకుండా స్టేడియం దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. 2024 జులై 14న మయామీలో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల టోర్నీ) ఫైనల్‌కి టికెట్ లేనివాళ్లు గేట్లు తోసుకుని రావడంతో ఆట గంటకు పైగా ఆలస్యమైంది. ఎండలో, ఆ రద్దీలో నలిగింది ఎక్కువగా టికెట్ కొని వరుసలో నిలబడ్డవాళ్లే, వాళ్ల పిల్లలే.

సిస్టర్, నాకు 58. షుగర్, బీపీ ఉన్నాయి. మోకాలి నొప్పికి బిళ్లలు వాడతాను. జట్టు ఆట చూడాలని ఎప్పటినుంచో కోరిక. నాలాంటివాడు వెళ్లొచ్చా?

తప్పకుండా వెళ్లండి సార్, మీలాంటివాళ్లతోనే నేను చాలా ప్రయాణాలు చేశాను. మందుల విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మనకి మామూలుగా దొరికే బిళ్ల ఇంకో దేశంలో నిషేధం కావచ్చు. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మందుల మీద గల్ఫ్ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. జలుబు బిళ్లల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. మోకాలికి వాడే బిళ్ల పేరు కాదు, దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్‌లో పోల్చి చూసుకోండి. అన్నిటినీ అసలు అట్టల్లోనే ఉంచి, డాక్టర్ చీటీతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ లగేజీలో వేయకూడదు, విమానం కింది భాగంలో అది గడ్డకట్టొచ్చు. టైమ్ తేడాని బట్టి డోసు ఎలా మార్చాలో బయల్దేరేముందే డాక్టర్‌తో రాయించుకోండి.

ఆఫ్రికాలోనో, దక్షిణ అమెరికాలోనో ఆట అయితే యెల్లో ఫీవర్ టీకా అడగొచ్చు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, చివరి వారంలో పరిగెత్తితే లాభం లేదు. ఇక స్టేడియంలో ఆట ఉత్కంఠలో తిండి మర్చిపోతారు. హాఫ్ టైమ్‌కి ఏదో ఒకటి తినాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి, పక్క సీటు మనిషికి మీకు షుగర్ ఉందని ముందే చెప్పాలి. చెమటలు పట్టి తడబడుతున్న మనిషిని చూసి తాగాడనుకుని పక్కకి తీసుకెళ్లి వదిలేయడం నా కళ్లతో చూశాను.

మేం ఇద్దరం అమ్మాయిలం. మాతో వచ్చే అబ్బాయిలు ఎవరూ లేరు. ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

అమ్మలూ, ఇంట్లోవాళ్లకి ఈ పేజీ చూపించండి. నేను మొదటిసారి మా ఆయన లేకుండా వెళ్లింది నా స్నేహితురాలితోనే. రూము స్టేషన్‌కి దగ్గరగా తీసుకోండి, స్టేడియానికి దగ్గరగా కాదు. మ్యాచ్ రాత్రి స్టేడియం చుట్టుపక్కల వీధులన్నీ తాగినవాళ్లతో నిండి ఉంటాయి. చివరి మెట్రో ఎన్నింటికో ముందే చూసుకోండి. పెనాల్టీల దాకా వెళ్తే అది దొరకదు, అప్పుడు ఎలా వస్తారో పగలే తేల్చుకోండి. రిసెప్షన్‌లో మీ రూము నంబరు పైకి చదివితే వేరే రూము అడగండి, మొహమాటపడొద్దు. ఫొటోలు ఆ ఊరు వదిలాకే పెట్టండి. సీట్లో పక్కవాడు ఇబ్బంది పెడితే సర్దుకోకండి. పసుపు, ఆకుపచ్చ జాకెట్లలో ఉండే స్టాఫ్ పని అదే, పిలవండి, సీటు మార్పించుకోండి. మీ జట్టు అభిమానుల సంఘం ఉంటే వాళ్లతో కలిసి ప్రయాణించండి. వాళ్లలో మీ అమ్మ వయసువాళ్లు కూడా ఉంటారు.

పోయిన టూర్‌లో మా ఫ్రెండ్ తాగి గొడవపడి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. మాకు ఏం చేయాలో తోచలేదు. అలాంటప్పుడు ఏం చేయాలి?

ముందు అక్కడి పోలీసులతో వాదించకండి. మీ ఫ్రెండ్‌కి ఉన్న ఒక హక్కుని మర్యాదగా అడగండి: తమ దేశపు కాన్సులేట్‌కి, అంటే అక్కడున్న మన ప్రభుత్వ కార్యాలయానికి తెలియజేయాలని. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, అతను కోరితే ఆ సంగతి వాళ్లు ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కి చెప్పాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద దుబాసీ లేకుండా సంతకం పెట్టొద్దని అతనికి చెప్పండి. కాన్సులేట్ వాళ్లు విడిపించలేరు, కానీ లాయర్ల జాబితా ఇస్తారు, ఇంటికి కబురు పంపుతారు. కాన్సులేట్ నంబరు వెళ్లేముందే అందరి ఫోన్లలో ఉండాలి.

మద్యం విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో చట్టం, అది ఆఖరి నిమిషంలోనూ మారుతుంది. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో స్టేడియాల ఆవరణలో బీరు అమ్మకం నిషేధిస్తున్నట్టు టోర్నీకి రెండు రోజుల ముందు ప్రకటించారు. తాగిన స్నేహితుడిని ఒంటరిగా వదిలి మీరు లోపలికి వెళ్లిపోకండి. ఒకరు అతనితో ఆగిపోండి, ఆ ఒక్కరు ఎవరో బయల్దేరేముందే అనుకోండి. మా బృందంలో ప్రతి మ్యాచ్‌కి ఒకరం మందు ముట్టుకోం. వచ్చే నెల ప్రయాణంలో ఆ వంతు నాది.